రాతితోటలో విష్ణుక్రాంత

రాతితోటలు చలిదేశాల వేడుక. మంచు కరిగిన పిదప కొండబండల సందులలో చాపవలె పరచుకొని పూచే చిన్నమొక్కలను ముంగిట పెంచుకొనవలెనన్న కోరిక వాటికి మూలం. ఆ మొక్కలు మన కరీంనగర్, ఆదిలాబాదు ఎండలకు నిలువవు. వేసవిలో ఇక్కడ వేడి 45 డిగ్రీల దరిదాపులకు పోతుంది.

అయితే బండలకు మనకు కొదువ లేదు. ఎలగందుల దుర్గం నిలిచినది గుట్టమీదనే. కరీంనగర్ గోధుమవన్నె గ్రానైటు ‘టాన్ బ్రౌన్’ అనే పేరుతో దేశాంతరాలకు పోతున్నది. రాయి మనదైనప్పుడు పువ్వును పరదేశాన వెదుకనేల?

విష్ణుక్రాంత అందుకు తగిన మొక్క. వినాయకచవితినాటి ఏకవింశతి పత్రిలో ఇది ఒకటి. దీని వేరు కొయ్యబారి, ఏండ్లతరబడి నేలలో నిలుస్తుంది. సన్నని కొమ్మలు నలుదెసల నేలబారున ప్రాకుతాయి. ఆకులపై పట్టువంటి నూగు ఉంటుంది. చిన్న నీలిపూలు ఉదయం విచ్చి, ఎండ ముదిరిన పిదప ముడుచుకుంటాయి. లినేయస్ 1762లో దీనిని ‘ఇవాల్వులస్’ ప్రజాతిలో చేర్చాడు. చుట్టుకొననిది అని ఆ పేరుకు భావం. శంఖుపుష్పాన్నికూడ కొందరు విష్ణుక్రాంత అంటారు. అది పందిరికెక్కే తీగ, వేరు మొక్క.

తోటకు రోజంతా ఎండ తగిలే ఏటవాలు చోటు ఎన్నుకోండి. అడుగున ఇటుకముక్కలు పరచండి. పైన రెండుపాళ్ళు చెలకమట్టి, ఒకపాలు ఇసుక, ఒకపాలు మొరం కలిపి పోయండి. ఆదిలాబాదు నల్లరేగడి నీటిని పట్టి ఉంచుతుంది. అక్కడ మడిని మూరెడెత్తు లేపవలెను. రాళ్ళను మూడవవంతు పాతి, వెనుకకు కొంచెం వాల్చితే వాననీరు వేళ్ళకు చేరుతుంది. ఎరువు ఎక్కువైతే కొమ్మలు పెరుగుతాయి గాని పూలు తగ్గుతాయి.

గింజ పెంకు గట్టిది. ఇసుకలో మెల్లగా రుద్ది, ఒక రాత్రి నానబెట్టి, తొలకరిలో చల్లండి. మొక్క నిలద్రొక్కుకున్న పిదప నీరు మితంగా చాలును. నీరు నిలిస్తే వేరు కుళ్ళుతుంది.

గుట్టను తొలిచినచోట బండతోపాటు దాని సందులోని మొక్కకూడ పోతుంది. పత్రికోసం వేరుతో పెరికినా అంతే. పూజకు రెండు కొమ్మలు చాలును. వాటిని త్రుంచి వేరును విడిచిపెడితే మరల చిగురిస్తుంది. ఇంట నాలుగు మొక్కలుంటే పండుగనాడు గుట్టకు పోయే పనే ఉండదు.