దుమ్ము లాగే చేతి మిషన్ కొనబోయే ముందు



నిన్న సాయంత్రం పిల్లల వార్డులో మందులు ఇస్తుండగా ఒక తల్లి నన్ను ఆపి, "సిస్టరమ్మా, బాబుకి దుమ్ము పడక ఉబ్బసం ఎక్కువవుతోందని డాక్టరుగారు చెప్పారు. వైరు లేకుండా చేత్తో పట్టుకుని దుమ్ము లాగే చిన్న వ్యాక్యూమ్ క్లీనర్లు వస్తున్నాయట. మా ఆయన ఈ నెల అది కొందామంటున్నారు. కొనమంటారా?" అని అడిగింది. నిలబడి రెండు మాటల్లో చెప్పేది కాదు గనుక, రేపు మీటింగులో చెబుతానన్నాను. మీలో చాలామందికి ఇదే సందేహం ఉండవచ్చు.

ఉబ్బసం ఉన్న ఇంట్లో పొడి చీపురు మంచిది కాదు. ఊడ్చినప్పుడు పెద్ద చెత్త గుమ్మం దాటుతుంది గాని సన్న దుమ్ము గాలిలోకి లేచి మళ్ళీ మంచం మీదే దిగుతుంది. క్రిస్మస్‌కీ సంక్రాంతికీ ముందు ఇళ్ళలో బూజు దులిపే రోజుల్లో ఆయాసంతో వచ్చేవారిని మేము చూస్తూనే ఉంటాం.

మీకు తెలుసా, ఈ మిషన్ వెనుక కూడా ఒక ఉబ్బసం రోగి ఉన్నాడు. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని కాంటన్ పట్టణంలో జేమ్స్ మర్రే స్పాంగ్లర్ అనే ఆయన ఒక దుకాణంలో ఊడ్చే పని చేసేవాడు. ఆ దుమ్ముకి ఆయాసం పడలేక, 1907లో ఫ్యాను మోటారు, చీపురు కర్ర, దిండు గలేబు కలిపి ఒక మిషన్ తయారు చేసుకున్నాడు. 1908లో దానికి పేటెంటు వచ్చింది. వైరు లేని చేతి మిషన్లు చాలా తర్వాత, 1979లో బ్లాక్ అండ్ డెక్కర్ కంపెనీ డస్ట్‌బస్టర్ తెచ్చాక ఇళ్ళలోకి వచ్చాయి.

మిషన్ ముందునుంచి గాలిని లాగి, వెనుకనుంచి వదులుతుంది. మధ్యలో దుమ్మును ఆపేది ఫిల్టర్. మనం కొనేటప్పుడు ఎంత గట్టిగా లాగుతుందో చూస్తాం గాని, వెనుకనుంచి ఏమి వదులుతుందో చూడం. నేనూ అలాగే మోసపోయాను.

మా అమ్మకి ఉబ్బసం. ఆమె కోసం ఒక మిషన్ కొన్నాను. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉన్న వాట్లు చూసి మురిసిపోయాను. అమ్మను పక్కనే కుర్చీలో కూర్చోబెట్టి పరుపంతా లాగాను, ఆ డబ్బాను అక్కడే కాగితం మీద దులిపాను. ఆ రాత్రి రెండు గంటలకి ఆమెకు పిల్లికూతలు మొదలై నెబులైజర్ పెట్టాల్సి వచ్చింది. నర్సునై ఉండి చేసిన పని అది! మర్నాడు గది చీకటి చేసి, మిషన్ వేసి వెనుక కన్నాల దగ్గర టార్చిలైటు పట్టాను. వెలుగులో పొగలాగా సన్న దుమ్ము వస్తోంది. విప్పి చూస్తే లోపల పలచని జాలీ తప్ప వేరే ఫిల్టరే లేదు.

కాబట్టి కొట్లో ముందు ఫిల్టర్ విప్పి చూపించమనండి. హెపా ఫిల్టర్ అంటే 0.3 మైక్రాన్ల నలుసుల్లో కూడా నూటికి 99.97 ఆపాలని అమెరికాలో పెట్టిన కొలత. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. "హెపా లాంటిది" అని రాసి ఉంటే ఆ కొలతకి హామీ లేనట్టే. ఫిల్టర్ మంచిదైనా డబ్బా మూత సరిగ్గా బిగుసుకోకపోతే దుమ్ము ఆ సందులోంచి వస్తుంది. విడిగా ఫిల్టర్ దొరుకుతుందా, బ్యాటరీ మార్చుకోవచ్చా అని కూడా అడగండి. చిన్న మిషన్లు చాలావరకు పది నుంచి ఇరవై నిమిషాలే నడుస్తాయి, స్పీడు పెంచితే ఇంకా తక్కువ. ఒక పరుపుకి, రెండు దిండ్లకి అది చాలు. ఇల్లంతా చేస్తుందని ఆశపడకండి. బరువు కూడా చేత్తో ఎత్తి చూడండి, వాడేది నాయనమ్మగారైతే ఆమెనే ఎత్తి చూడమనండి.

వాడేటప్పుడు రోగిని ఆ గదిలో ఉంచవద్దు. కిటికీలు తెరవండి. పని అయ్యాక కాసేపు ఆగి లోపలికి రానివ్వండి. డబ్బా ఖాళీ చేసేవారు ముక్కుకి గుడ్డ కట్టుకుని, ఆరుబయట, కవరులోకి వంచాలి. ఆ పని రోగి చేయకూడదు. కడిగే రకం ఫిల్టరైతే కడిగాక ఒక రోజంతా ఆరనివ్వండి, తడిగా బిగిస్తే బూజు పడుతుంది. ఆ బూజు కూడా ఉబ్బసానికి శత్రువే.

నీళ్ళు, దోమల చుట్ట నిప్పు, ఇన్సులిన్ సూదులు దీనితో లాగవద్దు. ఆక్సిజన్ పెట్టిన గదిలో మిషన్ వేయవద్దు. పాత పాదరసం థర్మామీటరు పగిలితే మిషనూ వద్దు, చీపురూ వద్దు. మిషన్ ఆ పాదరసాన్ని ఆవిరి చేసి ఇల్లంతా చల్లుతుంది. పిల్లల్ని బయటికి పంపి, కిటికీలు తీసి, గట్టి అట్టముక్కతో బొట్లను దగ్గరకు చేర్చి మూత ఉన్న సీసాలోకి తీయాలి.

ఇంత చెప్పాక అసలు మాట. పరుపులో కంటికి కనిపించని డస్ట్ మైట్లు అనే పురుగులు ఉంటాయి. మన ఒంటినుంచి రాలే పొట్టు తిని బ్రతుకుతాయి. చాలామంది ఉబ్బసం రోగులకు పడనిది వాటి మలం. అవి పరుపు దారాలను పట్టుకుని ఉంటాయి గనుక, ఈ చిన్న మిషన్ పైదుమ్మును లాగుతుంది గాని వాటిని పూర్తిగా తీయలేదు. దుప్పట్లు, గలేబులు వారానికోసారి బాగా వేడి నీళ్ళలో, అంటే 60 డిగ్రీల వేడిలో ఉతికితే అవి చస్తాయి. గచ్చుకి తడిగుడ్డ చాలు. వీటికి పెద్ద ఖర్చు లేదు.

ఆ తల్లిని ఇంకో సంగతి కూడా అడిగాను. "మిషన్ కొంటే ఈ నెల ఇన్‌హేలర్‌కి డబ్బులుంటాయా?" అని. ఆమె తల దించుకుంది. "ఆయాసం వచ్చినప్పుడు కొందామని ఆయన అన్నారు" అంది. అలా చేయకండమ్మా. డాక్టరుగారు రోజూ పీల్చమని రాసిన ఇన్‌హేలర్ ఆయాసం రాకుండా ఆపేది. బాబు బాగానే ఉన్నాడని దాన్ని ఆపేస్తే ఊపిరి గొట్టాల్లో వాపు లోలోపల మళ్ళీ పెరుగుతుంది. ఎంత శుభ్రమైన ఇల్లైనా దానికి బదులు కాదు. ముందు ఇన్‌హేలర్, స్పేసర్. తర్వాత వేడి నీళ్ళ ఉతుకు, వీలైతే పరుపుకి జిప్పు ఉన్న కవరు. ఇవన్నీ అయ్యాక డబ్బు మిగిలితే మిషన్ సంగతి చూడండి.

ఇప్పటికే కొన్నవారు ఉంటే ఈసారి ఓపీకి వచ్చేటప్పుడు దాన్ని తీసుకురండి. ఫిల్టర్ ఎలాంటిదో చూసి, విప్పి కడగటం నేర్పిస్తాను. దుమ్ము డబ్బా మాత్రం ఇంటి దగ్గరే ఖాళీ చేసి తీసుకురండమ్మా.