తూము కూడా మ్యాపులోకి ఎక్కాలి



స్నాతకోత్సవంలో మాట్లాడమంటే లక్ష్యాల గురించో విజయాల గురించో చెప్పడం ఆనవాయితీ. నేను నేల ఎత్తు గురించి మాట్లాడతాను. ఎక్కడ నేల ఎంత ఎత్తుందో కొలవడం, దాన్నిబట్టి నీళ్లు ఎటు పోతాయో లెక్కగట్టడం నా వృత్తి. ఆ మాట ఇక్కడ పిట్లంలో చెప్పడానికి నాకు ప్రత్యేకమైన కారణం ఉంది.

1802లో మద్రాసు దగ్గర విలియం లాంబ్టన్ అనే అధికారి ఉక్కు గొలుసుతో నేలను కొలవడం మొదలుపెట్టాడు. అదే తర్వాత భారతదేశపు మహా త్రికోణమితి సర్వే అయింది. కన్యాకుమారి దగ్గర నుంచి హిమాలయాల దాకా 78వ రేఖాంశం వెంబడి త్రికోణాలు అల్లుకుంటూ పోయిన ఆ కొలత మన పక్క నుంచే సాగింది. 1815లో లాంబ్టన్ బృందం బీదర్ దగ్గర ఒక ఆధార రేఖను నేల మీద గొలుసు పరిచి కొలిచింది. ఆ రేఖకు దగ్గరున్న దామరగిద్ద ప్రపంచ భూమాపన గ్రంథాల్లో అక్షాంశంతో సహా నమోదైంది. హైదరాబాద్ వచ్చి 1818లో ఆ బృందంలో చేరిన యువకుడే జార్జ్ ఎవరెస్ట్. అరటన్ను బరువున్న థియోడొలైట్‌ను గుట్టల మీదికి మోసినవాళ్లు, జెండాలు పట్టుకొని అడవుల్లో నిలబడినవాళ్లు, జ్వరాలతో రాలిపోయినవాళ్లు ఎక్కువమంది ఈ దేశపు కూలీలు, సిపాయిలు. వాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. ఈ నేల కొలతలో వాళ్లకున్న వాటా పెద్దదని నేను నమ్ముతాను.

ఆ తర్వాత వందేళ్లకు మరో పెద్ద కొలత జరిగింది. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ మీకు తెలియనిది కాదు. నవాబ్ అలీ నవాజ్ జంగ్ దానికి ఇంజినీరు. ఆయన పుట్టినరోజైన జూలై 11ను తెలంగాణ ఇంజినీర్ల దినోత్సవంగా జరుపుకుంటున్నాం. మంజీర మీద కట్ట కట్టడం ఒక ఘనత. అంతకంటే గొప్పదని నాకనిపించేది ఆ ప్రధాన కాలువ. నూట యాభై కిలోమీటర్లకు పైగా మోటారు లేకుండా, కేవలం వాలు మీద నీళ్లు పారాలి. వాలు కాస్త ఎక్కువైతే ఒడ్డు కోసుకుపోతుంది, తక్కువైతే పూడిక పేరుకుంటుంది. అడుగడుగునా లెవెల్ పరికరం పెట్టి, కర్ర నిలబెట్టి, మనుషులు నడిచి ఆ వాలును పట్టుకున్నారు. ఆ కాలువ మంజీరకు అవతలి ఒడ్డున బాన్సువాడ, వర్ని, బోధన్ వైపు పోయింది. ఇవతలి ఒడ్డున పిట్లం, బిచ్కుంద వైపు మనకు చెరువులు, కుంటలు, బోర్లు మిగిలాయి. నాగమడుగు ఎత్తిపోతల పథకం కోసం ఈ ప్రాంతం ఎందుకు ఎదురుచూస్తోందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. సర్వే ఆఫ్ ఇండియా పాత పటాలు మీలో కొందరు భూగోళశాస్త్రం తరగతిలో చూసి ఉంటారు. వాటిలో సమాన ఎత్తు గీతలు మామూలుగా 20 మీటర్ల తేడాతో ఉంటాయి. మన ఊరి చెరువు కట్ట ఎత్తు ఎంత? నాలుగైదు మీటర్లు. అంటే కట్ట, మత్తడి, శిఖం, కింది ఆయకట్టు మొత్తం ఆ రెండు గీతల మధ్య ఖాళీలోనే మాయమైపోతాయి. 2000 ఫిబ్రవరిలో అమెరికా అంతరిక్ష నౌక ఎండీవర్ పదకొండు రోజుల్లో రాడార్‌తో భూమిలో చాలా భాగాన్ని కొలిచింది. 2005లో మన ఇస్రో కార్టోశాట్-1ను పంపింది. రెండూ గొప్ప పనులే. కానీ వాటి నుంచి వచ్చే ఎత్తుల్లో కొన్ని మీటర్ల తేడా ఉంటుంది. కొండల్ని చూడటానికి అది చాలు. వరిమడిలోకి నీళ్లు ఎక్కుతాయా లేదా అన్న ప్రశ్నకు చాలదు.

ఆ లోటును పూడ్చింది లైడార్. విమానం నుంచో హెలికాప్టర్ నుంచో డ్రోన్ నుంచో సెకనుకు లక్షల లేజర్ తునకలు నేల మీదికి వదులుతారు. బావిలోకి కేకేసి, ప్రతిధ్వని వచ్చేదాకా ఆగి లోతు అంచనా కట్టినట్టు, కాంతి వెళ్లి తిరిగొచ్చిన సమయాన్ని బట్టి దూరం కడతారు. సెకనులో వందకోట్లలో ఒక వంతు తేడా వస్తే ఎత్తులో 15 సెంటీమీటర్లు మారినట్టు. అందుకే విమానం ఆ క్షణంలో ఎక్కడుందో, ఎటు ఒరిగిందో కూడా అంతే నికరంగా తెలియాలి. పైన ఉపగ్రహ సంకేతాలు, విమానంలో చలన పరికరం, కింద నేల మీద స్థిర కేంద్రం మూడూ కలిస్తేనే లెక్క కుదురుతుంది. ఒకే లేజర్ తునక చెట్టు చిటారుకొమ్మకు తగిలి కొంత వెనక్కి వస్తుంది, మిగిలింది ఆకుల సందుల్లోంచి దిగి నేలను తాకి వస్తుంది. చివర వచ్చిన వాటిని ఏరుకుంటే చెట్లు, ఇళ్లు తీసేసిన ఉత్త నేల కళ్ల ముందు నిలుస్తుంది.

హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ దూర సంవేదన కేంద్రం ఇలాంటి విమాన సర్వేల్లో చాలా ఏళ్ల అనుభవం గడించింది. గోదావరి దిగువన వరద ఎంతదాకా ముంచుతుందో ముందే చెప్పే నమూనాలకు ఈ లేజర్ ఎత్తులే ఆధారం. కాళేశ్వరం ప్రాజెక్టుకు వాప్కోస్ సంస్థ లైడార్ సర్వే చేసింది. 2023 అక్టోబరు 21న అదే ప్రాజెక్టులో మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగిన సంగతీ మీకు తెలుసు. తప్పొప్పులు తేల్చాల్సినవాళ్లు వేరే ఉన్నారు. సర్వే మనిషిగా నేను మీకు చెప్పేది ఒక్కటే. లేజర్‌కు నేల పైభాగమే కనిపిస్తుంది. పునాది కింద ఇసుక ఎలా ఉందో చెప్పదు. దానికి బోరు వేసి, మట్టి తీసి, పరీక్షించాల్సిందే. ఒక పరికరం బాగా పనిచేసిందంటే మిగతా పరీక్షలు అక్కర్లేదని అర్థం కాదు.

నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది కూడా అలాంటి లోటు గురించే. విమానం మన రోడ్డు మీదుగా ఎగిరింది అనుకోండి. రోడ్డు కట్ట చక్కగా నమోదవుతుంది. దాని కింద ఉన్న కల్వర్టు పై నుంచి కనపడదు. చెరువు కట్ట నమోదవుతుంది, కట్టలో ఉన్న తూము కనపడదు. ఈ ఎత్తుల్ని అలాగే కంప్యూటర్‌కు ఇచ్చి వాన కురిపిస్తే, ప్రతి రోడ్డూ ఒక ఆనకట్టగా మారిపోతుంది. మునగని పొలం మునిగినట్టు, మునిగే వాడ పొడిగా ఉన్నట్టు చూపిస్తుంది. కోట్ల రూపాయల సర్వే ఒక అడుగున్నర గొట్టం దగ్గర తప్పుతుంది. ఆ గొట్టం ఎక్కడుందో, ఎంత వెడల్పుందో, సగం పూడిపోయిందో లేదో తెలిసిన మనిషి చెబితేనే నమూనా నిజమవుతుంది. కొలిచేవాళ్ల భాషలో దీన్ని కట్టను కోసి దారి ఇవ్వడం అంటాం. కంప్యూటర్‌లో ఆ కోత పెట్టడం నిమిషం పని. ఎక్కడ పెట్టాలో తెలియడానికి ఆ ఊళ్లో పుట్టి పెరిగిన కళ్లు కావాలి.

ఇది ఊహించి చెబుతున్న ప్రమాదం కాదు. 2025 ఆగస్టు 27న మన జిల్లాలోనే రాజంపేట మండలం అర్గొండలో ఒక్కరోజులో 40 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. తలమడ్ల దగ్గర పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి. పోచారం ప్రాజెక్టు కట్ట తెగుతుందేమోనని దిగువ ఊళ్లు రాత్రంతా నిద్రపోలేదు. నూరేళ్ల నాటి ఆ కట్టడం నిలబడింది. అంత వాన పడితే ఏ ఏర్పాటైనా తడబడుతుంది, నిజమే. కానీ ఏ రోడ్డు దగ్గర నీళ్లు ఆగి వెనక్కి తన్నుతాయో, ఏ కుంటకు గండి పడితే కింది ఏ చెరువుకు ముప్పో ముందే తెలిసి ఉంటే ఎవరిని ఎటు తరలించాలో తేల్చుకోవడానికి కొన్ని గంటలు దొరుకుతాయి. ఆ కొన్ని గంటల కోసమే ఈ శాస్త్రమంతా.

మన చెరువులు ఒకదానికొకటి గొలుసుగా ఉంటాయి. పై చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది చెరువుకు చేరతాయి. ఈ గొలుసు కట్టినవాళ్ల దగ్గర లేజర్ లేదు. తరతరాలుగా వానలో నిలబడి నీటి నడక గమనించిన అనుభవం ఉంది. తూము ఎప్పుడు ఎత్తాలో, ఎంత ఎత్తాలో తెలిసిన నీరటి ప్రతి ఊళ్లో ఉండేవాడు. 2015 మార్చి 12న మిషన్ కాకతీయ మొదలైంది మన సదాశివనగర్ చెరువు దగ్గరే. చెరువులు బాగుచేసుకున్నాం. నీరటి దగ్గరున్న తెలివిని మాత్రం రాసిపెట్టుకోలేదు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. ఒక్కో పెద్దాయన పోయినప్పుడల్లా ఒక చెరువు చరిత్ర పోతోంది.

లేజర్‌కు అందనిది తూము ఒక్కటే కాదు, నీటి అడుగు కూడా. నిజాంసాగర్‌నే చూడండి. కట్టినప్పుడు దాని సామర్థ్యం దాదాపు 29.7 టీఎంసీలు. పూడిక చేరి 1970ల నాటికి 12 టీఎంసీల లోపుకు పడిపోయింది. తర్వాత నీటిమట్టం పెంచి 17.8 టీఎంసీలకు తెచ్చారు. ఆ పూడికను కొలవబోతే మామూలు సర్వే లేజర్ నీటిలోకి దిగదు, నీరు దాన్ని మింగేస్తుంది. ఆకుపచ్చ లేజర్ దిగుతుంది, అదీ నీరు తేటగా ఉంటేనే. మన బురద నీళ్లకు పడవ మీద శబ్ద తరంగాలతో లోతు కొలవాలి, లేదా జలాశయం ఎండినప్పుడు నేలను కొలవాలి. ఏ పనికి ఏ పరికరమో ఎంచుకోవడంలోనే సగం విద్య ఉంది.

ఇక మీ ముందున్న అవకాశాల సంగతి. 2021 ఫిబ్రవరిలో కేంద్రం పటాల తయారీ మీద పాత ఆంక్షలు చాలావరకు ఎత్తేసింది. 2022 డిసెంబరులో వచ్చిన జాతీయ భూస్థానిక విధానం 2030 నాటికి దేశమంతటికీ నికరమైన ఎత్తుల నమూనా ఉండాలని లక్ష్యం పెట్టుకుంది. డ్రోన్ నడపడం, లేజర్ చుక్కల్ని వర్గీకరించడం, నేల మీద సరిచూడటం తెలిసిన మనుషులు చాలామంది కావాలి. హైదరాబాద్ ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉంది. బీఎస్సీ చదివినవాళ్లకు లెక్కల బలం ఉంది. బీఏ చదివినవాళ్లకు ఊరి చరిత్ర అడిగి రాబట్టే నేర్పు ఉంది. ఈ పనికి రెండూ కావాలి. అమ్మాయిలకు ప్రత్యేకంగా చెబుతున్నాను. ఇది మగవాళ్ల పని అని ఎవరైనా అంటే పట్టించుకోకండి, చేరండి.

ఉద్యోగం దొరికేదాకా ఆగక్కర్లేని పని కూడా ఒకటి ఉంది. వచ్చే వానాకాలం లోపు మీ ఊళ్లోని ప్రతి తూము, ప్రతి కల్వర్టు దగ్గరికి వెళ్లండి. ఫోన్‌లో స్థానం నమోదు చేసుకోండి. టేపుతో వెడల్పు, ఎత్తు కొలవండి. ఎంతవరకు పూడిందో రాయండి. మొన్నటి వరదకు నీళ్లు గోడ మీద ఎంతదాకా వచ్చాయో ఆ ఇంటివాళ్లను అడిగి, గుర్తు పెట్టి, తేదీ వేయండి. నీరటి పని చేసిన పెద్దలుంటే వాళ్ల పక్కన కూర్చొని మాటలన్నీ రాసుకోండి. ఒక ప్రతి గ్రామ పంచాయతీలో, ఒక ప్రతి నీటిపారుదల శాఖ ఇంజినీరు గారి కార్యాలయంలో, ఒకటి ఈ కళాశాల గ్రంథాలయంలో ఇవ్వండి. లేజర్ విమానం ఎప్పుడో ఒకప్పుడు మన మీదుగా ఎగురుతుంది. అప్పటికి మీ జాబితా సిద్ధంగా ఉండాలి. ఈ పని ఈ వేసవిలోనే మొదలుపెట్టమని మిమ్మల్ని అందరినీ కోరుతున్నాను.