పుస్తకము చూచి గుడారము వేయుట

ఈ సాయంకాలము నేను మీతో ముచ్చటింపదలచిన విషయము కొంచెము వింతగా తోచవచ్చును. కావలసిన సరంజామా అంతయు వీపున మూటగా కట్టుకొని, ఊరికి దూరముగా నడచి, అడవిలోనో, కొండకొమ్ముననో, సముద్రపుటొడ్డుననో గుడారము వేసికొని, ఒకటి రెండు రాత్రులు గడిపి రావడము ఒక విద్య. ఈ విద్యను పుస్తకము చదివి నేర్చుకొనవచ్చునా అన్నది ప్రశ్న. ఒకప్పుడు నేర్చుకొనవచ్చుననియే నేను దృఢముగా నమ్మినాను. ఆ నమ్మకము కృత్తివెన్ను దగ్గర ఒక రాత్రి ఏమైనదో మనవి చేయుటకే ఈ ప్రసంగము.

ఇది మనకు పూర్తిగా క్రొత్త సంగతి అనుకొనరాదు. రైళ్ళు రాకముందు కాశికి పోయినవారందరును దారిలో గుడారములు వేసికొన్నవారే, లేదా చెట్టుక్రింద పండుకొన్నవారే. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసిగా ఉండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న పరివారముతో బయలుదేరి కాశీయాత్ర చేసి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరినారు. దారిపొడుగునా తమ మిత్రులు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెగారికి వ్రాసి పంపిన విశేషములే 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయినవి. ఆ గ్రంథమును పుణ్యముకొరకు చదువువారు కలరు, చరిత్రకొరకు చదువువారు కలరు. నేను మాత్రము మజిలీల కొరకు చదువుదును. దారి ఇసుకపరయా, రాతినేలయా, నీటి వసతి ఎట్టిది, అంగళ్ళున్నవా, దిగుటకు చోటున్నదా అను సంగతులు ఆయన కంటబడినంత స్పష్టముగా మరొకరి కంటబడుట అరుదు. కాలినడకను తానే నడచినవాడు, లేక నడచువారి వెంట పోయినవాడు వ్రాసినదానికి ఒక బరువుండును. అది మన భాషలో మొట్టమొదటి శిబిరగ్రంథమని నేనన్నచో పండితులు కోపగించకుందురు గాక.

పడమటి దేశములలో ఈ విద్యకు ప్రత్యేకముగా గ్రంథములు పుట్టినవి. అమెరికాలో హొరేస్ కెఫార్ట్ అను ఆయన సెయింట్ లూయీ నగరములో గ్రంథాలయాధికారిగా ఉండి, ఆ జీవితము సరిపడక, 1904లో ఉత్తర కరోలినా కొండలలోనికి వెళ్ళిపోయినాడు. 1906లో వనవాసమును గూర్చి పెద్ద పుస్తకము వ్రాసినాడు. పుస్తకముల నడుమ బ్రతికినవాడు అడవికి పోయి మరల పుస్తకమే వ్రాయుట నాకు ఎప్పుడును ముచ్చటగా ఉండును. ఇంగ్లండులో బేడెన్ పోవెల్ 1899లో సైనికులకొరకు ‘ఎయిడ్స్ టు స్కౌటింగ్’ అను చిన్న పుస్తకము వెలువరించినాడు. దానిని బాలురు సైతము చదువుచున్నారని తెలిసి, 1907 ఆగస్టులో బ్రౌన్సీ అను ద్వీపముమీద సుమారు 20 మంది బాలురతో శిబిరము నడిపి చూచి, ఆ పిమ్మట 1908 జనవరి నుండి పక్షమునకొక భాగము చొప్పున ఆరు భాగములుగా ‘స్కౌటింగ్ ఫర్ బాయ్స్’ ప్రకటించినాడు. ఇక్కడ గమనింపదగిన దొకటి: ఆయన ముందు శిబిరము నడిపినాడు, తరువాత పుస్తకము వ్రాసినాడు. మేము ముందు పుస్తకము చదివి, తరువాత శిబిరమునకు పోయినాము. మన దేశమున 1917లో అనిబీసెంటు మద్రాసులో బాలభటుల సంఘమును నెలకొల్పినది. వేర్వేరు సంఘములు కలిసి 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌గా ఏర్పడినవి. మెడగుడ్డ, చేత కర్రతో మన పాఠశాలలలో కనబడు బాలభటుల వెనుక ఉన్న కథ ఇది.

నాకు బాలభట శిక్షణ లేదు. ఇరువది యేండ్ల క్రిందట విజయవాడలో పాతపుస్తకముల బండిమీద అట్ట ఊడిన ఆంగ్ల శిబిరగ్రంథమొకటి దొరికినది. అప్పుడే చదువు ముగించి ఉద్యోగముకొరకు ఎదురుచూచుచున్న రోజులు. తీరిక దండిగా ఉన్నది, డబ్బు లేదు. ఆ గ్రంథమును నేనును, నా మిత్రులిద్దరును ఇంచుమించు కంఠస్థము చేసినాము. మూటలో బరువైన వస్తువులు వీపునకు దగ్గరగా, భుజముల ఎత్తున ఉండవలెను. తేలికవి క్రిందను వెలుపలను ఉండవలెను. మోత శరీరపు బరువులో నాలుగవ వంతు మించరాదు. గుడారపు ముఖము గాలికి పెడగా ఉండవలెను. నీటికి మరీ దగ్గరగా దిగరాదు, 200 అడుగుల ఎడముండవలెను. ఏటినీటిని తెర్లకాచి త్రాగవలెను. ముడులు వేయు విధములు బొమ్మలతో ఉన్నవి. మా మిద్దెమీద చీకటిలో కన్నులు మూసికొని ఆ ముడులు వేసెడివారము. ఇంటిలో పెద్దవారు చూచి ఏమనుకొన్నారో నేను అడుగలేదు.

కృత్తివెన్ను ఎన్నుకొనుటకు కారణము, ఒక మిత్రుని మేనమామగారి ఊరు ఆ ప్రాంతముననే ఉండుట. మచిలీపట్నమునుండి ఈశాన్యముగా పోవు తీరపుదారిలో ఉన్నదా గ్రామము. కొల్లేటి నీటిని సముద్రమునకు చేర్చు ఉప్పుటేరు ఆ మండలపు అంచుననే పారును. అటుప్రక్క పశ్చిమగోదావరి. నేడు కనుచూపుమేర రొయ్యల చెరువులు, వాటిలో నురుగులు చిమ్ము చక్రములు. మధ్యమధ్య చవుడు పర్రలు. తీరమున ఇసుక దిబ్బలమీద సరుగుడు తోటలు, తాళ్ళు, మొగలిపొదలు. పాయల వెంబడి మడచెట్లు. మేము మాఘమాసపు అమావాస్యనాడు బయలుదేరినాము. అమావాస్య అని ఎందుకనగా, చుక్కలు బాగుగా కనబడునని. పుస్తకములో నక్షత్రములను గూర్చి ఒక అధ్యాయమున్నది.

మొట్టమొదట మమ్ములను వెక్కిరించినది నీరు. దారిలో కాలువలున్నవి గదా యని మనిషికి ఒక లీటరు మాత్రమే మోసికొని పోయినాము. లీటరు నీరు కిలో బరువు గనుక తగ్గించిన ప్రతి లీటరును లాభమని మా లెక్క. తీరా పాయ చేరి దోసిట పట్టి చూతుము గదా, ఉప్పు కషాయము. కాచుట వలన క్రిములు చచ్చునేమో గాని ఉప్పు పోదు, కాచినకొలది హెచ్చును. ఇంగ్లండు కొండవాగును మనస్సున ఉంచుకొని వ్రాసినవాడు ఈ మాట వ్రాయవలసిన అవసరము లేకపోయెను. మేకులు ఇసుకలో నిలువలేదు. గాలికి పెడగా గుడారము ముఖము తిప్పినాము. ప్రొద్దు క్రుంకిన పిమ్మట గాలియే తిరిగినది. పగలు సముద్రమునుండి నేలమీదికి వీచు గాలి, రాత్రి నేల చల్లబడగానే నేలనుండి సముద్రముపైకి వీచునను సంగతి మేము హైస్కూలులో చదివి, పరీక్షలో వ్రాసి, మార్కులు తెచ్చుకొన్నవారమే.

తరువాత జరిగినది నవ్వులాట కాదు. ఇసుకలో నిలుచుటకు పొడవాటి మేకులు కావలెనని నా మిత్రుడు పాయగట్టున ఉన్న ఒక పొదనుండి పచ్చికొమ్మను విరచినాడు. విరిచినచోటునుండి తెల్లని పాలు చిమ్మినవి. చేతికంటినదానితో కన్ను నులుముకొన్నాడు. ఒక్క క్షణము గడువకమునుపే కన్నులు రెండును మూసికొని నేలమీద కూలబడినాడు. అది తిల్లచెట్టు. దాని పాలు కంటబడిన కన్ను మండిపోయి, కొంతకాలము చూపు పోవుట కూడ కలదు. ఎండుకట్టె పొగయైనను కంటికి మంచిది కాదు. ఆంగ్లమున సైతము దానిని కన్నులు పోగొట్టు చెట్టని పేరుపెట్టి పిలుతురు. మా గ్రంథములో దాని పేరు లేదు. కాని ఏ తెలియని చెట్టును విరువరాదను సాధారణ హెచ్చరిక ఉన్నది. అది మేము చదివి దాటిపోయినాము. మడ అడవిలో కొమ్మ విరుచుట తప్పను ఆలోచన కూడ మాకప్పుడు లేదు.

ఉన్న మంచినీరంతయు కన్నులు కడుగుటలో అయిపోయినది. ఇంకను కడుగవలెను. చీకటి పడుచున్నది. మూడు మైళ్ళ దూరములో ఊరు. కన్నులు కనబడనివానిని పర్రలగుండ నడిపించుకొని పోవుట ఎట్లు? మా కేకలు విని, వలలు ఆరవేసికొని ఇంటికి పోవుచున్న ఒక ముసలి బెస్త దివిటీ పట్టుకొని వచ్చినాడు.

“ఏంటి బాబూ, ఇక్కడ దిగారేంటి? ఇయ్యాల అమాస. పోటొచ్చుద్ది.”

మేము పోటు మాట వినిపించుకొనలేదు. “తాతా, మంచినీళ్ళు! కంట్లో పాలు పడినవి,” అన్నాము.

ఆయన రోగిని చూచి, “తిల్లపాలు. నులమమాక బాబూ, నులిమితే ఎక్కువవుద్ది,” అని మాత్రమని, వానిని రెక్కపట్టి సరుగుడుతోపు ప్రక్క ఇసుకదిబ్బ మీదికి నడిపించినాడు. అక్కడ సముద్రపు హోరు వినబడునంత దగ్గరలో, మోకాలిలోతు గుంటను రెండు చేతులతో తోడినాడు. నీరు ఊరినది. చెలమ. మేము నాలుక తగిలించి చూచినాము, తియ్యని నీరు. వానకు దిబ్బలలో ఇంకిన నీరు, బరువైన ఉప్పునీటిమీద తేలి నిలుచును. ఉప్పునీరు మంచినీటికన్న నూటికి రెండున్నర పాళ్ళు మాత్రమే బరువు. ఆ కొద్దిపాటి తేడాయే సముద్రపుటొడ్డున మనిషిని బ్రతికించుచున్నది. లోతుగా త్రవ్వినచో ఉప్పు తగులును. ఆశపడి లోతుకు పోరాదు, నిలకడగా పైపైన తోడుకొనవలెను. ఆ రాత్రి కొబ్బరిచిప్పతో ఎన్నివందలసార్లు ఆ కన్నులమీద నీరు పోసినామో లెక్కలేదు.

ఇది జరుగుచుండగా రాత్రి భోజనముల వేళయైనది. క్రింద మా గుడారము వేసిన చోట ఏదో చప్పుడు. దివిటీ ఎత్తి చూచినాము. నీరు. అల కాదు, ఉరవడి లేదు. పళ్ళెములో పోసినట్లు చల్లగా, మెల్లగా ప్రాకి, మా గుడారమును, గిన్నెలను, మూటలను ముంచినది. పాయకు 200 అడుగుల ఎడముగనే దిగినాము. కాని డెల్టాలో 200 అడుగులు నడచినను జానెడు ఎత్తు పెరుగని నేలలున్నవి. ఇక్కడ దూరమును చూడరాదు, మెరకను చూడవలెను. సూర్యచంద్రుల ఆకర్షణ ఒక వరుసన పడు అమావాస్యకును పౌర్ణమికిని పోటు హెచ్చు. అష్టమి ప్రాంతములలో తక్కువ. ప్రతిదినము పోటువేళ సుమారు 50 నిమిషములు వెనుకకు జరుగును. చుక్కలకొరకు అమావాస్యను కోరినవారికి సముద్రము కూడ అమావాస్యను కోరునని తోచలేదు. మిత్రుని కన్ను మండియుండకపోయినచో మేము మువ్వురమును ఆ గుడారములోనే పండుకొనియుందుము.

మరునాడు తెల్లవారుతూనే అతనిని బండిలో ఊరికి, అక్కడినుండి పట్టణపు కంటివైద్యుని వద్దకు చేర్చినాము. నాలుగైదు దినములకు చూపు పూర్తిగా వచ్చినది. వెంటనే కడుగుటయే మేలైనదని వైద్యుడు చెప్పినాడు. ఆ నాలుగైదు దినములు మేము అతని తల్లిగారి ఎదుటబడలేదు.

ఇంతమాత్రముచేత గ్రంథములు పనికిమాలినవని నేను చెప్పబోను. ఆ గ్రంథమే లేకపోయిన మేము ఇల్లు కదలెడివారము కాము. ముడులు నిలిచినవి, నీట మునిగిన గుడారము తెల్లవారి కూడ మేము కట్టిన త్రాళ్ళకే వ్రేలాడుచున్నది. ఆ ముడులను చూచి ముసలాయన, “ఇయ్యి మాయే గదా,” అన్నాడు. నిజమే, ఇంగ్లండు నావికుడును కృత్తివెన్ను బెస్తయు ఒకే ముడి వేయుదురు. మేకుల సంగతికి ఆయన చూపిన ఉపాయము కూడ తరువాత కాలమున పెద్ద గ్రంథములలో కనబడినది: గోనెసంచిలో ఇసుక నింపి, త్రాడు కట్టి, అడ్డముగా పాతిపెట్టిన ఏ గాలికిని కదలదు. గ్రంథమునకును ముసలాయనకును తగవు లేదు. గ్రంథము ఏ నేలమీద పుట్టినదో చూచుకొనక, దానిని మరియొక నేలమీద పరచినవారము మేము.

ఇప్పుడు ఈ పనికి సదుపాయములు హెచ్చినవి. చేతిలోని ఫోనులో పటము కనబడును. భారత సర్వేక్షణ శాఖవారు ఆటుపోట్ల పట్టికలు ముందుగనే ప్రకటింతురు. హైదరాబాదులో 1999లో ఏర్పడిన మహాసముద్ర సమాచార కేంద్రము అలల ఎత్తును గూర్చి హెచ్చరికలు పంపును. అక్టోబరు, నవంబరు మాసములలో ఈ తీరమున గుడారము మాట తలపెట్టవలదు. 1977 నవంబరు 19న దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెనను ఎరిగిన ఇళ్ళలో ఈ మాట వేరుగా చెప్పనక్కరలేదు. కృష్ణా ముఖద్వారముల వద్ద మడ అడవులు అభయారణ్యములో చేరియున్నవి. అక్కడ అటవీశాఖవారి అనుమతి లేనిదే దిగరాదు. పోదలచిన యువకులు మనిషికి నాలుగు లీటర్ల నీటికి తక్కువ కాకుండ మోసికొని పొండు. బరువని సణుగుకొన్నను మానవలదు.

ఆ పుస్తకము ఇప్పటికిని నా వద్ద ఉన్నది. ఉప్పునీట తడిసి పుటలు ఉబ్బినవి. ముసలాయన చెప్పిన సంగతులను ఆయా పుటల అంచులలో పెన్సిలుతో వ్రాసికొన్నాను: నీటి అధ్యాయము ప్రక్క చెలమ, స్థలనిర్ణయము ప్రక్క మెరక, కట్టెల అధ్యాయము ప్రక్క తిల్ల. నక్షత్రముల అధ్యాయము ప్రక్క మాత్రము నేనే వ్రాసినాను. ధ్రువనక్షత్రము లండనులో క్షితిజమునకు 51 డిగ్రీల ఎత్తున నుండును. కృత్తివెన్నులో 16 డిగ్రీలే. నిరుడు అష్టమినాడు మా మేనల్లుని వెంటబెట్టుకొని, మెరక చూచి, ఆ దిబ్బలమీదనే దిగినాము. “మామయ్యా, ధ్రువనక్షత్రమేది?” అని వాడు తల పైకెత్తి వెదకినాడు. పుస్తకములోని బొమ్మ అట్లున్నది మరి. సరుగుడుతోపు అడ్డము వచ్చినది. తోపు దాటి, ఉత్తరపు ప్రక్క పర్రలోనికి కొంతదూరము నడచిన పిమ్మట, రొయ్యల చెరువుల దీపములకు కొంచెము పైగా, మసకమసకగా కనబడినది.