పట్టా విలువ కట్టే లెక్క

సైకాలజీలో బీఏ పట్టా అందుకున్న మీ అందరికీ అభినందనలు.

ఉద్యోగులను ఎంపిక చేసే పని నాది. అందుకే ఆదర్శాల సంగతి మిగతా వక్తలకు వదిలేసి నేను డబ్బు సంగతి మాట్లాడతాను. సైకాలజీ చదివితే ఏమొస్తుందని మిమ్మల్ని ప్రతి పెళ్లిలోనూ ఎవరో ఒకరు అడిగే ఉంటారు. ఆ ప్రశ్నకు చిన్నబుచ్చుకోకండి. లెక్క కట్టి జవాబు చెప్పండి.

ఏడాదికి ముప్పై వేల చొప్పున మూడేళ్ల ఫీజు 90,000 రూపాయలు అనుకుందాం. రీయింబర్స్‌మెంట్ వచ్చినవాళ్లకు ఇది తగ్గుతుంది. అసలు పెద్ద ఖర్చు రసీదుల్లో కనపడదు. ఇంటర్ కాగానే నెలకు 12,000 జీతానికి చేరిన మీ స్నేహితుడు ఈ మూడేళ్లలో 4,32,000 సంపాదించాడు. మీరు ఆ రాబడి వదులుకున్నారు. రెండూ కలిపితే 5,22,000. పట్టా ఉన్నందుకు మీకు అతని కంటే నెలకు 5,000 ఎక్కువ వస్తే, ఆ సొమ్ము తిరిగి రావడానికి తొమ్మిదేళ్లకు కాస్త తక్కువ పడుతుంది. 10,000 ఎక్కువొస్తే నాలుగేళ్ల పైచిలుకు. ఈ అంకెలు నేను అనుకున్నవి. మీ ఇంటి అంకెలు పెట్టి ఈ రాత్రే మళ్లీ వేసుకోండి.

ఈ పట్టాతో ఏం రాదో కూడా చెప్పాలి. దీంతో క్లినిక్ బోర్డు కట్టుకోలేరు. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్ట్ అనిపించుకోవాలంటే 1992 చట్టం ప్రకారం రీహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తించిన చదువు, ఆ కౌన్సిల్‌లో నమోదు ఉండాలి. చాలాకాలం దానికి దారి పీజీ, ఆపైన రెండేళ్ల ఎంఫిల్. ఎంఫిల్ పద్ధతికి ఇప్పుడు కాలం చెల్లుతోంది, నిబంధనలు మారుతున్నాయి. కాబట్టి ఏ కోర్సుకైనా ఫీజు కట్టేముందు దానికి గుర్తింపు ఉందో లేదో మీరే స్వయంగా చూసుకోండి. బ్రోషర్‌ను నమ్మకండి.

దేశంలో మానసిక చికిత్స అవసరం మాత్రం కొండంత ఉంది. మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వేలో నూటికి పదిమందికి పైగా పెద్దవాళ్లలో ఏదో ఒక మానసిక సమస్య కనిపించింది. జబ్బును బట్టి వాళ్లలో 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని తేలింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఒంటి జబ్బులకు ఇచ్చినట్టే మనసు జబ్బులకూ బీమా ఇవ్వాలంది. 2022 అక్టోబరు నుంచి 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ సేవ టెలి-మానస్‌లో తెలుగులోనే మాట్లాడేవాళ్లున్నారు. అయితే అవసరం ఉన్నచోటల్లా జీతం ఉండదు. ఎవరో ఒకరు ఆ పనికి పోస్టు మంజూరు చేయాలి, ఎవరో ఒకరు ఫీజు చెల్లించాలి. ఈ తేడా తెలియక పీజీల్లో చేరిన చాలామందిని ఇంటర్వ్యూల్లో చూశాను.

మరి బీఏ స్థాయిలో చేతికొచ్చేది ఏమిటి? డేనియల్ కానమన్‌కు 2002లో అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చిన సంగతి మీకు తెలుసు. ఆయన 1954లో జెరూసలేంలో సైకాలజీ ప్రధానంగా బీఏ పూర్తిచేసి ఇజ్రాయెల్ సైన్యంలో చేరారు. మరుసటి ఏడు, ఇరవై ఒక్క ఏళ్ల వయసులో, కొత్తవాళ్లను ఎంపికచేసే ఇంటర్వ్యూను సరిదిద్దే పని ఆయనకు అప్పగించారు. అప్పటిదాకా ఇంటర్వ్యూ చేసేవాళ్లు కాసేపు కబుర్లాడి, మొత్తమ్మీద ఈ కుర్రాడు పనికొస్తాడా లేదా అని చెప్పేసేవారు. ఆ అంచనాలు దాదాపు ఎందుకూ పనికిరాలేదు. కానమన్ ఆరు లక్షణాలు ఎంచుకున్నారు. ఒక్కోదానికి సూటి ప్రశ్నలు: ఇప్పటిదాకా ఎన్ని పనులు చేశావు, వేళకు వెళ్లేవాడివా, స్నేహితులను ఎంత తరచుగా కలుస్తావు. ఒక లక్షణానికి ఐదులో మార్కు వేశాకే రెండోదానికి వెళ్లాలి. మమ్మల్ని మరమనుషుల్ని చేస్తున్నావంటూ ఇంటర్వ్యూ చేసేవాళ్లు గొడవపెట్టారు. అయినా ఫలితాలు మునుపటి కంటే ఎంతో మెరుగయ్యాయి.

అప్పటికి ఆయన దగ్గరున్నది మీ దగ్గరున్న స్థాయి పట్టాయే. ఊహను కొలతగా మార్చడం ఆయనకు తెలుసు. అది మీకూ తెలుసు. మీ ప్రాక్టికల్ రికార్డు తీయండి. అద్దంలో చూస్తూ నక్షత్రం గీత మీద పెన్సిల్ నడిపించారు. ఒక్కో ప్రయత్నానికి ఎంత సమయం పట్టింది, ఎన్ని తప్పులొచ్చాయి, సాధన పెరిగేకొద్దీ అవి ఎలా తగ్గాయి అని గ్రాఫు గీశారు. ఆ పని సెలక్షన్ విభాగాల్లో, సర్వే సంస్థల్లో, యాప్‌ను జనం ఎలా వాడుతున్నారో చూసే బృందాల్లో అమ్ముడవుతుంది. బయోడేటాలో "మనుషులంటే ఇష్టం" అని రాసినవాళ్లను నేను దాటేస్తాను. ప్రశ్నపత్రం ఎలా తయారుచేశారో, ఎంతమందిని అడిగారో, ఏం తేలిందో ఒక్క పేజీలో చూపించినవాళ్లను పిలుస్తాను. స్టాటిస్టిక్స్ పేపరు గట్టెక్కితే చాలనుకున్నవాళ్లు దాన్ని మళ్లీ తెరవండి.

ఈ దారి నచ్చకపోయినా తప్పులేదు. గ్రూప్స్‌కు, బ్యాంకు పరీక్షలకు ఏ డిగ్రీ అయినా చాలు. ఆ అర్హతకూ ఒక ధర ఉంది. మూడేళ్లు సైకాలజీ చదివాం కాబట్టి పీజీ కూడా అందులోనే చేయాలని మాత్రం అనుకోకండి. అయిపోయిన ఖర్చు మనిషిచేత మరో ఖర్చు పెట్టిస్తుందని మీరు చదువుకున్నారు. లెక్క ఇవాళ్టి నుంచి ముందుకు వేయండి: ఇకముందు పెట్టేదెంత, వదులుకునే జీతమెంత, వచ్చేదెంత.

చివరగా ఒక కోరిక. ఉద్యోగం వచ్చాక ఈ కాలేజీకి రండి. ఏ పనిలో చేరారో, అది దొరకడానికి ఎన్నాళ్లు పట్టిందో, చేతికి ఎంత వస్తోందో దాచకుండా జూనియర్లకు చెప్పండి. జీతం తక్కువైతే తక్కువనే చెప్పండి. మొదటి సంవత్సరంలో చేరబోయే పిల్లకు పోస్టర్ మీది నవ్వు ముఖాల కంటే ఆ నిజమైన అంకెలు ఎక్కువ పనికొస్తాయి. ఈ పట్టాకు విలువ కట్టాల్సింది మీరే.