మీకు తగిన యోగాభ్యాసము

(గ్రామసభలో చేసిన ప్రసంగ పాఠము)



2014 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి జూన్ 21వ తేదీని అంతర్జాతీయ యోగ దినముగా ప్రకటించినది. నాటినుండి పల్లెలయందును యోగ తరగతులు పెరిగినవి. అందులకు మేము సంతసించుచున్నాము. అయితే చేరిన పది దినములకే మానివేసినవారు మాకు తరచుగా తారసపడుచుందురు. యోగము తమ ఒంటికి పడదని వారందురు. పెక్కుమందికి పడనిది ఆ తరగతి పద్ధతి మాత్రమేనని మా అభిప్రాయము.

మైసూరులో తిరుమలై కృష్ణమాచార్యుల (1888-1989) వద్ద నేర్చిన ఇద్దరు శిష్యులను చూడుడు. పట్టాభి జోయిస్ గారి పద్ధతిలో ఆసనములు నిర్ణీత క్రమమున, శ్వాసతో ముడివడి, ఆగకుండ సాగును, చెమటలు కారును. బి.కె.ఎస్. అయ్యంగారు గారి పద్ధతిలో ఒక్కొక్క ఆసనమున చాలసేపు నిలుతురు; వంగలేనివారికి కుర్చీ, త్రాడు, కొయ్యదిమ్మె, దుప్పటి ఊతముగా నిత్తురు. గురువు ఒక్కరే, దారులు రెండు.

నాట్లు వేయు స్త్రీలు దినమంతయు నడుము వంచియే యుందురు. వారిని మరల ముందుకు వంచి అలయించుట యేమి న్యాయము? వారికి మెల్లగా చేయు భుజంగాసనము, పిమ్మట శవాసనము హాయి గూర్చును. బస్తాలు మోయువానికి చెమట కొరకు యోగమక్కరలేదు. బిగిసిన కండరములు సడలవలెను. దుకాణమున కూర్చుండువానికి సూర్యనమస్కారముల వంటి చురుకైన అభ్యాసము మేలు. మోకాళ్ల నొప్పులు గల పెద్దలు వజ్రాసనమునకై పట్టుబట్టనేల? కుర్చీపై కూర్చుండియే ప్రాణాయామము చేయవచ్చును.

ఒక్క విషయమున మాత్రము ఉపేక్ష తగదు. అధిక రక్తపోటు, గుండెజబ్బు, గ్లాకోమా అను కంటిజబ్బు గలవారు శీర్షాసనమునకు పూనుకొనరాదు. వేగముగా చేయు కపాలభాతి, భస్త్రికలను వైద్యుని అడుగక చేయరాదు. గర్భిణులు తమ స్థితిని ముందుగా చెప్పి తీరవలెను. మందులు మాన్పించెదనను గురువు వద్దకు పోనే పోకుడు.

చేరుటకు ముందు ఒక దినము ప్రక్కన కూర్చుండి చూడుడు. గురువు క్రొత్తవారి జబ్బులను గూర్చి అడిగెనా? చేతకానివానికి వేరు మార్గము చూపెనా, వీపుపై చేయివేసి బలవంతముగా వంచెనా? కండరముల తీపు రెండు మూడు దినములలో పోవును. కీలునందు పోటు, తిమ్మిరి, కళ్లు తిరుగుట కలిగినచో ఆపవలెను.

వేళయు ముఖ్యమే. ఉదయము 6 గంటలనగా పాలు పితుకు వేళ, వంట వేళ. స్త్రీలు రాలేదని నిందించుటకంటె వారికి సాయంకాలము 5 గంటలకు వేరొక తరగతి పెట్టుట మంచిది. మధ్యాహ్న భోజనమైన మూడు, నాలుగు గంటలకు అభ్యాసము చేయవచ్చును గదా!

కావున పంచాయతీ కార్యాలయమున పేరు వ్రాయించునపుడు వయస్సుతోపాటు మీరు చేయు పని, మీకున్న నొప్పి, వీలగు వేళ కూడ వ్రాయించుడు. ఆ చీటీలను చూచిన పిమ్మటనే ఎన్ని తరగతులు పెట్టవలెనో నిర్ణయింతుము.