అర్థమయ్యే భాషలో పాఠం

నా చదువు, ఉద్యోగం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. అందులో పదిమందికీ పనికొచ్చే సంగతి ఒకటుంది. అదే మనవి చేస్తాను.

నేను 1944లో కోనసీమలో ఒక చిన్న గ్రామంలో పుట్టాను. నాన్నగారిది కౌలు వ్యవసాయం. హైస్కూలుకు కాలవగట్టు మీద మూడు మైళ్ళు నడక. వానొస్తే చొక్కా విప్పి పుస్తకాలకు చుట్టేవాళ్ళం. పదకొండో తరగతి దాకా అన్నీ తెలుగులోనే చదివి, 1960లో ఎస్.ఎస్.ఎల్.సి. ప్యాసయ్యాను.

పి.యు.సి.లో చేరాక పాఠాలన్నీ ఇంగ్లీషే. లెక్చరర్ గారు "ఇనర్షియా" అంటుంటే, అది బళ్ళో చదువుకున్న జడత్వమేనని తెలియడానికి నాకు కొన్ని వారాలు పట్టింది. మా ఊరినుంచే వచ్చిన మిత్రుడొకడు, నాకంటే లెక్కలు బాగా చేసేవాడు, దసరా సెలవులకు ఇంటికి వెళ్ళి మళ్ళీ రాలేదు. తెలివి ఉండీ, భాష అడ్డం వచ్చి చదువు మానేశాడు.

నేను డిక్షనరీ పక్కన పెట్టుకుని నెగ్గుకొచ్చాను. బి.ఎస్సీ. అయ్యాక, వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో 1966లో ఎమ్.ఎస్సీ. ఫిజిక్సు పూర్తిచేసి, ఆ ఏడే లెక్చరర్‌గా చేరాను. మొదటి జీతంతో నాన్నగారికి పంచెల చాపు, అమ్మకు నేత చీర కొన్నాను.

1968లో తెలుగు అకాడమి ఏర్పడింది. తరవాత కాలేజీల్లోకీ తెలుగు మీడియం వచ్చింది. "మొమెంటమ్‌ను తెలుగులో ఏమంటారండీ?" అని స్టాఫ్ రూములో నవ్వుకునేవారు. ద్రవ్యవేగం అంటారు. నేను ఆ సెక్షను అడిగి మరీ తీసుకున్నాను. పడవలోంచి గట్టు మీదికి దూకితే పడవ వెనక్కి ఎందుకు పోతుందని అడిగేవాణ్ణి. కాలవల మీద పెరిగిన పిల్లలు! అంతవరకూ నోరు మెదపని వెనక బెంచీలవాళ్ళు కూడా చేతులెత్తేవారు. పైచదువులకు అవసరమని ఇంగ్లీషు పేరు కూడా బోర్డు మీద పక్కనే రాసేవాణ్ణి. 2002లో రిటైరయ్యేదాకా ఆ అలవాటు మానలేదు.

ఇంగ్లీషు వద్దని నేను అనను. ఈనాడు మన మనవలు చాలామంది ఇంగ్లీషు మీడియంలోనే చదువుతున్నారు. చదవనివ్వండి. కాని రోజూ ఒక అరగంట దగ్గర కూర్చోబెట్టుకుని, "ఇవాళ్టి పాఠం నాకు తెలుగులో చెప్పరా నాన్నా" అనండి. చెప్పగలిగితే అర్థమైనట్టే. తడబడితే అది బట్టీ అని తెలుసుకుని మళ్ళీ చదివించండి. మీ వీధిలో సర్కారు బడికి వెళ్ళే పిల్లలుంటే వాళ్ళనూ పిలవండి.

మనకు తీరిక ఉంది, భాష ఉంది. అర్థంకాక చదువు మానేసే పిల్లలను ఒకరిద్దరినైనా మనం నిలబెట్టగలం.