‘నో ఇష్యూస్’ అని రాశాను, కుక్క పోయింది: పెట్ సిట్టర్ కోసం పోస్ట్ ఎలా రాయాలి?

ఈ టాపిక్ మీద ఎపిసోడ్ చేయమని చాలామంది మెసేజ్ పెట్టారు. అందరిదీ ఒకటే ప్రాబ్లమ్. పండక్కి ఊరెళ్లాలి. ఇంట్లో కుక్కో పిల్లో ఉంది. బస్సులో తీసుకెళ్లలేం, బోర్డింగ్‌లో వదిలితే తిండి మానేస్తుంది. మనం వచ్చేదాకా ఎవరైనా మన ఇంట్లోనే ఉండి చూసుకుంటే బాగుండు అని పోస్ట్ పెడతాం. ఎవరూ రిప్లై ఇవ్వరు. ఇచ్చినా "రోజుకెంత?" అని అడిగి మాయమైపోతారు.

ముందుగా నేను రాసిన మొట్టమొదటి పోస్ట్ చదువుతా. నవ్వుకుంటే నవ్వుకోండి.

"కొండాపూర్‌లో విశాలమైన 2 బీహెచ్‌కే. ఫుల్లీ ఫర్నిష్డ్. 24 గంటలు నీళ్లు, లిఫ్ట్, పార్కింగ్. వెరీ ఫ్రెండ్లీ డాగ్. నో ఇష్యూస్. దీపావళికి 4 రోజులు. జెన్యూన్ పర్సన్స్ మాత్రమే సంప్రదించగలరు."

చూశారా? ఇది అచ్చంగా టు-లెట్ బోర్డు. కుక్క గురించి రెండే మాటలున్నాయి, ఆ రెండింట్లో ఒకటి అబద్ధం.

మా కుక్క పేరు బజ్జీ. ఇండీ. ఆఫీసు క్యాబ్ ఎక్కే చోట దొరికింది, అప్పుడు దానికి రెండు నెలలు కూడా లేవు. మనుషులతో నిజంగానే ఫ్రెండ్లీ. కానీ పటాసుల శబ్దం వింటే దానికి పిచ్చి భయం. భయం అంటే మంచం కింద దూరడం కాదు, పారిపోవడం. ఎటు దారి దొరికితే అటు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ రాయలేదు. ఎందుకంటే రాస్తే ఎవరూ రారని భయం. బస్సు టికెట్టు అయిపోయింది, అమ్మకి వస్తున్నానని చెప్పేశాను. అందుకని "నో ఇష్యూస్" అని కొట్టేశాను.

ఒక అబ్బాయి వచ్చాడు, బీటెక్ ఫైనలియర్. మంచోడు. దీపావళి రోజు సాయంత్రం ఏడున్నరకి పార్సిల్ వచ్చిందని తలుపు తీశాడు. అదే టైంకి కింద ఎవరో బాంబు కాల్చారు. వాడి కాళ్ల సందులోంచి బజ్జీ మెట్ల మీదుగా దూకి గేటు దాటిపోయింది.

నాకు ఫోన్ వచ్చేటప్పటికి నేను తణుకులో మా మేనత్త వాళ్లింట్లో గారెలు తింటున్నా. ఆ రాత్రి బస్సు దొరకలేదు. వాడు ఒక్కడే, ఊరంతా పటాసులు పేలుతుంటే, కొత్త ఏరియాలో, సెల్‌ఫోన్ లైటు పట్టుకుని తెల్లారేదాకా తిరిగాడు. మర్నాడు అర్ధరాత్రి దాటాక దొరికింది. కట్టుబడిలో ఉన్న ఒక బిల్డింగు సెల్లార్‌లో, ఇటుకల వెనక. కుడి ముందుకాలు చీరుకుపోయింది, కుట్లు పడ్డాయి. ఇప్పుడు బానే ఉంది, మీ వెనకాల... అదుగో, సోఫా మీద కనిపిస్తోంది చూడండి.

వాడు నాతో అన్న మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. "సారీ అన్నా, నాదే తప్పు" అన్నాడు. తప్పు వాడిది కాదు. ఆ ఒక్క లైను నేను రాసుంటే వాడు బెడ్‌రూమ్ తలుపు వేసి, ఆ తర్వాతే మెయిన్ డోర్ తీసేవాడు.

సో, రాసేటప్పుడు నా మొదటి రూల్ ఇదే. దేని గురించి రాస్తే ఎవరూ రారని మీకు భయమో, దాన్నే పైన రాయండి. రాత్రి మొరుగుతుందా, సోఫా కొరుకుతుందా, పిల్లి బాల్కనీ గోడ ఎక్కుతుందా, మందు వేసేటప్పుడు కరవబోతుందా, అన్నీ రాయండి. పక్కనే దానికి ఏం చేయాలో కూడా రాయండి. "పటాసులంటే భయం" అని వదిలేస్తే చదివేవాడికీ భయమే. "పటాసులంటే భయం, సాయంత్రం ఆరు నుంచి బెడ్‌రూమ్‌లో ఉంచి, కిటికీలు మూసి, ఫ్యాన్ ఫుల్‌లో పెట్టి, టీవీ వేస్తే పడుకుంటుంది" అంటే, ఓహో, ఇది నావల్ల అయ్యే పనే అనుకుంటాడు. నలుగురు తగ్గిపోతారు, తగ్గనివ్వండి. మనకి కావాల్సింది ఒక్కరే కదా.

ఇంకో సంగతి. ఈ పోస్ట్ ఎవరి కోసం రాస్తున్నామో మనలో చాలామంది ఆలోచించం. రెడింగ్‌లో నా బీటెక్ క్లాస్‌మేట్ ఒకడు ఉంటాడు, అదే, లండన్ పక్కన. వాడికి రెండు పిల్లులు. ఇండియాకి వచ్చినప్పుడల్లా నాలుగు వారాలు. అక్కడ వాడు ట్రస్టెడ్ హౌస్‌సిట్టర్స్ అనే సైటు వాడతాడు. బ్రిటన్‌లో 2010లో మొదలైంది. అందులో పద్ధతేంటంటే, ఇంటివాళ్లూ సిట్టర్లూ ఇద్దరూ సైటుకి మెంబర్‌షిప్ కడతారు. కానీ ఇంటివాళ్లు సిట్టర్‌కి రోజు కూలి ఏమీ ఇవ్వరు. వాళ్లకి ఉండటానికి ఇల్లు, వీళ్లకి పిల్లికి తోడు. అంతే లెక్క.

అంటే అక్కడ లిస్టింగే జీతం అన్నమాట. సిట్టర్ ఏం చూస్తాడు? "ఇక్కడ పదిరోజులు ఉంటే నాకేంటి?" అని చూస్తాడు. మావాడు మొదట్లో పిల్లుల గురించి రెండు పేజీలు రాశాడు, ఇంటి గురించి ఏమీ లేదు. ఎవరూ రాలేదు. తర్వాత "స్టేషన్‌కి నడిచి వెళ్లొచ్చు, అక్కడి నుంచి లండన్‌కి రైళ్లు బోలెడు" అని, పని చేసుకునే టేబుల్ ఫొటో ఒకటి పెట్టాడు. ఆ తర్వాత అప్లికేషన్లు రావడం మొదలైంది.

మన దగ్గర లెక్క వేరు. హైదరాబాద్‌లో ఎక్కువగా ఫ్రెండ్స్‌కి చెప్తాం, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెడతాం, లేదా రోజుకింత అని ఇచ్చి పిలుస్తాం. డబ్బు ఇచ్చేట్టయితే అంకె రాసేయండి. "మాట్లాడుకుందాం" అని రాయొద్దు. అది ఇవ్వబోయేవాడి మాటలా ఉండదు, బేరమాడేవాడి మాటలా ఉంటుంది. నేను రోజుకి 700 ఇస్తా, కిరాణా సరుకులు పెట్టి వెళ్తా, అని రాశా. డబ్బు ఇస్తున్నాం కదా అని ఇంటి గురించి రాయడం మానకండి. మన ఇంట్లో ఉండబోయేది కూడా ఒక మనిషే. ఎక్కడ పడుకోవాలి, ఏసీ ఉందా, గీజర్ పనిచేస్తుందా, కరెంటు పోతే ఇన్వర్టర్ ఎంతసేపు వస్తుంది, వర్క్ ఫ్రమ్ హోమ్ చేసుకోవచ్చా అని చూస్తారు. "హై స్పీడ్ వైఫై" అనొద్దు. ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ చేసి, వచ్చిన నంబర్ రాయండి. మా హాల్లో 90 వస్తుంది, బెడ్‌రూమ్‌లో 35. రెండూ రాశా. మీటింగులు ఉన్నవాళ్లు హాల్లో కూర్చుంటారు.

వంటిల్లు సంగతి. ఇది మన ఇళ్లల్లో సెన్సిటివ్ కదా. మీ అమ్మగారు వచ్చినప్పుడు ఆ వంటింట్లోనే వండుతారు, నాన్-వెజ్ వండకూడదు అంటే పోస్టులోనే రాయండి. తాళంచెవి చేతిలో పెడుతూ "అన్నట్టు, గుడ్డు కూడా వద్దు" అంటే వాళ్ల మొహం చూడలేం. దేవుడి గది వైపు వెళ్లొద్దంటే అదీ రాయండి. ఇవి మన ఇంటి పద్ధతులు, చెప్పడంలో తప్పులేదు. కానీ "ఫ్యామిలీస్ ఓన్లీ, నో బ్యాచిలర్స్" అని, ఇంకా కులం, మతం అడిగే మాటలు, అవి నాకు నచ్చవు. ఇదే ఊళ్లో బ్యాచిలర్ అని రూమ్ ఇవ్వక మనం ఎన్ని గేట్ల దగ్గర నిలబడ్డామో మర్చిపోయామా? బజ్జీకి కావాల్సింది టైముకి అన్నం, టైముకి వాకింగ్. పెట్టేవాడికి పెళ్లయిందా లేదా అని అది అడగదు.

ఫొటోలు. ఇక్కడ ఎక్కువమంది పొరపాటు చేస్తారు. కుక్క ఫొటోలు పద్నాలుగు, ఇంటిది ఒక్కటీ ఉండదు. లేదా బిల్డర్ బ్రోచర్‌లో ఉన్న స్విమ్మింగ్ పూల్ ఫొటో. పొద్దున్న తొమ్మిది, పది మధ్య కర్టెన్లు తీసి, లైట్లు ఆపేసి తీయండి, ఫిల్టర్ వద్దు. కుక్కని తీసేటప్పుడు మీరే నేల మీద కూర్చోండి. పైనుంచి తీస్తే అన్ని కుక్కలూ దొంగతనం చేసి దొరికినట్టే ఉంటాయి. సిట్టర్ పడుకునే మంచం, బాత్రూమ్, వంటగట్టు, వాకింగ్‌కి తీసుకెళ్లే రోడ్డు, ఈ నాలుగూ తప్పనిసరి. బాత్రూమ్ ఫొటో లేకపోతే జనం అనుమానపడతారు. నేనైతే పడతా.

అయితే జాగ్రత్త. ఆ ఫొటోల్లో ఫ్లాట్ నంబరు, నేమ్ ప్లేటు, బీరువా, బండి నంబరు కనపడకూడదు. పబ్లిక్ పోస్టులో ఏరియా పేరు చాలు. ప్రతి సంక్రాంతికీ పోలీసులు చెప్తూనే ఉంటారు, ఊరెళ్తున్నామని సోషల్ మీడియాలో పెట్టొద్దని, స్టేషన్‌లో చెప్పి వెళ్లమని. మన పోస్టు చూస్తే తేదీలతో సహా "మేం లేం" అన్నట్టే కదా! అందుకని పబ్లిక్‌గా "జనవరి రెండో వారం, సుమారు 9 రోజులు" అని పెట్టి, అసలు తేదీలు, అడ్రస్ వీడియో కాల్ అయ్యాకే ఇవ్వండి. ఆ కాల్‌లో కుక్కని కూడా చూపించండి. అడిగితే ఆధార్ చూపించడానికి ఇబ్బంది పడేవాళ్లని వదిలేయండి. మీది కూడా వాళ్లకి చూపించండి మరి, వాళ్లూ తెలియని ఇంటికి వస్తున్నారు.

హాల్లో కెమెరా ఉందా? చెప్పండి. ఇంకా మంచిది, ఊడదీసి వెళ్లండి. గుమ్మం బయట ఉంటే చాలు. నిద్రలేచి నైట్ ప్యాంటులో టీ పెట్టుకునే మనిషిని ఊళ్లో కూర్చుని ఫోన్‌లో చూడటం... ఛీ, వద్దు.

అద్దె ఇల్లయితే ఓనర్‌కి ముందే చెప్పండి. గేటెడ్ కమ్యూనిటీ అయితే సెక్యూరిటీ యాప్‌లో వాళ్ల పేరు ఎక్కించి వెళ్లండి. ఇంకొకటి చాలామందికి తెలీదు. ఫారిన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లని మన ఇంట్లో ఉంచుకుంటే, వాళ్లు వచ్చిన 24 గంటల్లోపు వాళ్ల వివరాలు ఆన్‌లైన్‌లో ఫైల్ చేయాలి. హోటళ్లకే కాదు, మామూలు ఇళ్లకీ ఉంది ఈ రూలు. పుదుచ్చేరి నుంచి వచ్చే ట్రావెలర్‌ని సిట్టర్‌గా పెట్టుకుందామనుకునే వాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

ఎప్పుడు పెట్టాలి? రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు ఓపెన్ అవుతుంది కదా. టికెట్టు బుక్ చేసిన రోజే పోస్టు కూడా పెట్టేయండి. మనకి పండగంటే సిట్టర్‌కీ పండగే. ఎవరు ఖాళీగా ఉంటారు? మా మొన్నటి సంక్రాంతికి వచ్చినావిడ పండక్కి ఇంటికి వెళ్లని మనిషి. పరీక్షకి చదువుకుంటోంది, హాస్టల్ మెస్ మూసేస్తారట. "ప్రశాంతంగా చదువుకోవచ్చు, వంటిల్లు మీదే" అన్న లైను చూసి అప్లై చేశానంది. ఆ లైను నేను అనుకోకుండా రాశా.

పోస్టు పెట్టేముందు డ్రాఫ్ట్ ఎవరికి పంపానో తెలుసా? దీపావళికి వచ్చిన ఆ అబ్బాయికే. ఇప్పుడు పుణెలో జాబ్. పంపడానికి రెండ్రోజులు మొహమాటపడ్డా. పది నిమిషాల్లో రిప్లై ఇచ్చాడు. "అన్నా, మెడ బెల్టు వదులుగా ఉంటుంది, వాకింగ్‌కి హార్నెస్ వాడమని రాయి. పార్సిల్ కిందే సెక్యూరిటీ దగ్గర పెట్టించుకోమని రాయి." రెండూ నాకు తట్టలేదు. ఇదీ ఫైనల్ వెర్షన్, ఉన్నదున్నట్టు చదువుతా. కావాలంటే స్క్రీన్‌షాట్ తీసుకుని మీ కుక్క పేరు పెట్టుకోండి.

"నా పేరు బజ్జీ, నాలుగేళ్లు. పొద్దున్న 6కి నిద్రలేపుతాను, వాయిదా వేయడం కుదరదు. రోజుకి రెండు వాకింగ్‌లు, అరగంట చొప్పున, హార్నెస్‌తోనే. పెద్ద శబ్దాలకి పారిపోతాను, ఒకసారి పారిపోయాను కూడా. అందుకే మెయిన్ డోర్ తీసేముందు నన్ను బెడ్‌రూమ్‌లో పెట్టి తలుపు వేయాలి. పార్సిళ్లు కింద సెక్యూరిటీ దగ్గరే. ఎడమ చెవిలో రోజూ రాత్రి రెండు చుక్కల మందు, పెరుగన్నం చూపిస్తే వేయించుకుంటాను. ఉల్లిపాయ, ద్రాక్ష, చాక్లెట్ పెట్టకూడదు. నాలుగు గంటలకి మించి ఒంటరిగా ఉండలేను. రేబిస్ టీకా అయింది, డాక్టర్ క్లినిక్ ఆటోలో పది నిమిషాలు, వాళ్లకి చెప్పి ఉంచాం, బిల్లు మాదే. మీకు: ఏసీ బెడ్‌రూమ్, ఇన్వర్టర్ మూడు గంటలు, హాల్లో 90 స్పీడ్ వైఫై, వంటిల్లు మీదే, నాన్-వెజ్ వండుకోవచ్చు, నాకు వాసన చూపించక తప్పదు. రోజుకి 700. మావాళ్లు వెళ్లేముందు రోజే రండి, రాత్రి భోజనం మా ఇంట్లో, అప్పుడు నేను మీకు అలవాటవుతాను. రోజుకో ఫొటో పంపితే చాలు, మావాడు ఊరికే ఫోన్ చేసి విసిగించడు."

ఆ చివరి లైను మా అమ్మ రాయించింది. సరే, అది నా హార్నెస్ నోట్లో పెట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది, వాకింగ్ టైం. ఉంటా మరి.